ఎల్ల దాటిన పుట్టినిల్లు

మనుష్యులు ఎల్లలు దాటుట అందరము ఎరిగినదే. బ్రతుకుతెరువునకు కొందరు, పెండ్లి చేసికొని కొందరు, తీర్థయాత్రకు కొందరు ఒక రాష్ట్రము విడిచి మరియొక రాష్ట్రమునకు పోవుచుందురు. కాని ఉన్నచోట ఉన్నట్లే ఉండి ఊరికి ఊరే ఎల్ల దాటుట కొంచెము వింత. అట్టి ఊరు ఒకటి మా అమ్మగారి పుట్టినిల్లు. మొన్నటి వానలలో ఒక శనివారమునాడు, ముందుగా అనుకొన్నది ఏమియు లేకయే, అమ్మగారిని కారులో కూర్చుండబెట్టుకొని మేము ఆ ఊరికి పోయి, ఆదివారము సాయంకాలమునకు తిరుపతికి తిరిగి వచ్చినాము. ఆ రెండు దినముల ముచ్చట శ్రోతలతో చెప్పుకొనవలెనని ఈ ప్రసంగము.

మా యింటిలో ఉదయము రేడియో మ్రోగనిదే కాఫీ దిగదు. ఇది మా ఉద్యోగమువలన వచ్చినది కాదు, అమ్మగారి అలవాటు. ఆనాటి వార్తలలో, కార్వేటినగరము దగ్గరి కృష్ణాపురము జలాశయము నిండినదనియు, గేట్లు ఎత్తి నీరు వదలుచున్నారనియు, కుశస్థలి ఏటి గట్టున ఉన్న గ్రామములవారు జాగ్రత్తగా ఉండవలెననియు చెప్పినారు. అమ్మగారు చేతిలోని గ్లాసు క్రింద పెట్టినారు.

“ఊరి ఏట్లో నీళ్ళు వచ్చుంటాయి నాయనా. పోయి చూసొద్దామా?” అని అడిగినారు.

వారికి డెబ్బది అయిదేండ్లు. తిరుమల కొండకు పోవలెనన్నను రెండు దినముల ముందు చెప్పవలెను. అట్టి మనిషి పది నిముషములలో చీర మార్చుకొని, మందుల డబ్బాయు నీళ్ళ సీసాయు సంచిలో పెట్టుకొని గుమ్మములో నిలిచినారు. సంచి అడుగున మడత విప్పని కొత్త పంచె ఒకటి మా కంటబడినది. ఏరు చూచుటకు పోవువారికి పంచె ఎందుకని మేము అడుగలేదు. కారు ఎక్కిన తరువాత మాత్రము వారే అన్నారు: “ఎవరింటికీ పోయేది లేదు. ఏరు చూసి తిరుక్కోవాల. అంతే.”

ఎవరింటికి అనగా, వారి అన్నగారి యింటికి. మా మేనమామగారు 1994లో పోయినారు. ఆ సమయమున మా తండ్రిగారు శస్త్రచికిత్స జరిగి ఆసుపత్రిలో ఉన్నారు. కబురు అందినను అమ్మగారు కదలలేకపోయినారు. కర్మలు ముగిసిన తరువాత అన్నగారి కుమారునికి, అనగా మా బావకు, ఒక జాబు వ్రాసినారు. దానికి జవాబు రాలేదు. రాయబారము నడుపదగిన పెద్దలు ఇరువైపులను లేరు. చావునకు రాలేదని వారికి కోపమనుకొని వీరు, వీరికి మరేదో కోపమనుకొని వారు, ముప్పది యేండ్లు గడిపినారు. తరువాత ఫోనులు వచ్చినవి. కాని మాటలు లేనిచోట ఫోను ఏమి చేయును? తిరుపతికి ఆ ఊరు గంటన్నర దారి. ఆ గంటన్నర దారి ముప్పది యేండ్లు పట్టినది.

తిరుపతి నుండి రేణిగుంట, వడమాలపేట దాటి పుత్తూరు చేరినాము. పుత్తూరు అనగానే మన ప్రాంతమువారికి కట్టు జ్ఞాపకము వచ్చును. చిన్ననాడు చింతచెట్టు మీద నుండి పడి చేయి విరిగినప్పుడు అమ్మగారిని వారి తండ్రి ఎద్దులబండిలో ఇక్కడికే తెచ్చినారట. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టిన ఆ చేయి ఇప్పటికిని గట్టిగానే ఉన్నది. “అప్పుడు దారిలో ఎవరూ ఇది యే జిల్లా, యే రాష్ట్రము అని అడిగేవాళ్ళు లేరు. అంతా ఒకటే జిల్లా” అన్నారు అమ్మగారు.

ఆ మాట నిజమే. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములు ఒకప్పుడు కార్వేటినగర సంస్థానములోనివి. ఆంగ్లేయుల పాలనలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణములు అర్పించిన పిమ్మట, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. చిత్తూరు జిల్లా, దానితోపాటు తిరుత్తణి తాలూకా, ఆంధ్రకు వచ్చినవి. కాని తిరుత్తణి తమిళులదని మ.పొ. శివజ్ఞానం గారి వంటి నాయకులు ఆందోళన సాగించినారు. చెంగల్పట్టు జిల్లా ఉత్తరపు అంచున ఉన్న తెలుగు గ్రామములు తమవని ఆంధ్రులు అడిగినారు. ఇరుపక్షములు ఒప్పుకొని పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టుకొన్నారు. గ్రామమును ఒక్కొక్క ఘటకముగా తీసికొని, ఏ గ్రామములో ఏ భాషవారు ఎక్కువ, ఆ గ్రామము ఏ ప్రక్కతో కలసియున్నది అను లెక్కలు వారు చూచినారు. వారి తీర్పును అనుసరించి 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములు మద్రాసు రాష్ట్రమునకు పోయినవి. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినది.

అందులోని న్యాయాన్యాయములు మేమిక్కడ విచారించుట లేదు. రెండు భాషలు ఒకే బావి నీరు త్రాగి పెరిగినచోట గీత ఎక్కడ గీచినను కొన్ని ఇండ్లు ఆవల పడక తప్పదు. మా అమ్మగారి లెక్క మాత్రము చెప్పవలెను. వారు 1950లో మద్రాసు రాష్ట్రములో పుట్టినారు. మూడవ యేట ఆంధ్ర రాష్ట్రమువారైనారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌వారైనారు. పదవ యేట మరల మద్రాసు రాష్ట్రమువారైనారు. ఆ రాష్ట్రమునకు 1969లో తమిళనాడు అని పేరు మారినది. ఇన్ని మార్పులలో వారు పండుకొన్న మంచము ఒక్క జానెడు జరుగలేదు. 1970లో పెండ్లియై తిరుపతికి వచ్చినప్పుడే వారు తమ కాళ్ళతో మొదటిసారి ఎల్ల దాటినారు.

కార్వేటినగరములో వేణుగోపాలస్వామిని చూడక పోగూడదని ఆగినాము. వేణుగోపాలుని పేరు ముద్రగా సారంగపాణి పదములు కట్టినది ఈ ఊరి సంస్థానములోనే. వాన వెలిసి, స్కందపుష్కరిణి మెట్లు కడిగినట్లున్నవి. ఊరు దాటిన తరువాత గాలిలో నీటి చప్పుడు తెలిసినది. కృష్ణాపురము నుండి విడిచిన నీరు ఎఱ్ఱగా, ఒడ్డులు ఒరయుచు పోవుచున్నది. ఈ నీరు ఆంధ్రలో బయలుదేరి, పళ్ళిపట్టు ప్రక్కగా సాగి, పూండి జలాశయము చేరి, చెన్నపట్టణమువారి త్రాగునీరగును. దానిని ఎల్ల దగ్గర ఆపి నీది యే రాష్ట్రమని అడుగువారు లేరు.

ఎల్ల దగ్గర మమ్ములను కూడ ఎవరును అడుగలేదు. గేటు లేదు, గీత లేదు. అవే తాటిచెట్లు, అవే చెరకుతోటలు, అదే నల్లని తారుదారి. మారినవి అక్షరములు మాత్రమే. దారి ప్రక్క బోర్డులపైనను, అంగళ్ళ నొసళ్ళపైనను గుండ్రని మన అక్షరములు పోయి తమిళ అక్షరములు వచ్చినవి. అంతవరకు ప్రతి బోర్డును చదువుచు వచ్చిన మా నోరు మూతపడినది. మాకు తమిళ లిపి రాదు. భాషనే వృత్తిగా పెట్టుకొని ఇరువది యేండ్లు దాటినవి. గంటన్నర దూరములోని ఇరుగుపొరుగువారి అక్షరములు నేర్చుకొనలేదు. అమ్మగారు అద్దమునకు ముఖము ఆనించి, ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని మాకు దారి చెప్పినారు.

“ఇది ఎప్పుడు నేర్చుకొన్నావమ్మా?” అని అడిగినాము.

“అరవై సంవత్సరములో, ఎండాకాలం సెలవులైనాక బడికి పోతే నల్లబల్ల మీద కొత్త అక్షరాలు ఉండినాయి. నేను యేదో తప్పు బడికి వచ్చినాననుకొని బయటికి వచ్చేసినా. అయ్యవారే పిలిచి కూర్చోబెట్టినాడు. రెండేండ్లు చదివినా. చదవను వస్తుంది కానీ రాయను రాదు” అన్నారు.

టీ అంగడి దగ్గర దిగి, ఎక్కడో విన్న నాలుగు తమిళపు ముక్కలు కూర్చుకొని మేము దారి అడిగినాము. అంగడివాడు ఓపికగా అంతయు విని, “చప్టా మునిగిపోయింది సార్. కారు ఇక్కడే పెట్టి గట్టుదాకా నడిచి పోండి” అని చక్కని తెలుగులో చెప్పినాడు. అమ్మగారు ఆ దినమున మొదటిసారి నవ్వినారు.

గట్టు మీద తిరునాళ్ళవలె జనము. చప్టాకు అడ్డముగా త్రాడు కట్టి పోలీసువారు నిలిచియున్నారు. ఏటికి ఈ ఒడ్డుననే ఊరు. ఎన్నో యేండ్లు ఇసుకగానే ఉండు ఏరు నిండి పారుచుండగా చూచుటకు పసిపిల్లలను సైతము చంకనెత్తుకొని వచ్చినారు. తెలుగు, తమిళము కలగలసి వినబడుచున్నవి. ఒకే మనిషి ప్రక్కవానితో ఒక భాష, వెనుకవానితో మరియొక భాష పలుకుచున్నాడు. అమ్మగారు మా చేయి పట్టుకొని చాలసేపు నీటిని చూచినారు. “మా నాయన ఈ ఏట్లో చెలమ తీసి దోసిలితో నీళ్ళు తాపేవాడు” అన్నారు. అంతకు మించి ఏమియు అనలేదు.

ఇంతలో జనములో నుండి ఒక మనిషి దగ్గరకు వచ్చినారు. తల నెరసినది. చేతులకు నూలుపోగులు అంటుకొనియున్నవి. అమ్మగారి ముఖము ఒక క్షణము చూచి, “అత్తా” అన్నారు.

మా బావను మేము కడపట చూచినప్పుడు ఆయనకు మీసములు సరిగా రాలేదు. అమ్మగారు వెంటనే పలుకలేదు. ఆయన మరల, “ఇంటికి రా అత్తా” అన్నారు.

“ఏరు చూడను వచ్చినాము” అన్నారు అమ్మగారు, నీటి వైపే చూచుచు.

“ఏరు రేపూ ఉంటుంది. ఈ తడవ వానలు జాస్తి” అన్నారు బావ.

అమ్మగారు మరి మాట్లాడక ఆయన వెనుక నడిచినారు.

ఆ ప్రాంతము నేతకు పేరుబడినది. పొదటూరుపేట మొదలుకొని చుట్టుప్రక్కల ఎన్నో ఇండ్లలో మగ్గమే జీవనము. బావ ఇంటి ముందు భాగములో రెండు మరమగ్గములు ఆడుచున్నవి. వాని చప్పుడులో పలుకరింపులు సగమే వినబడినవి. ఆయన భార్య కాఫీ తెచ్చినది; మనుమరాలు, ఏడెనిమిదేండ్ల పిల్ల, తలుపు చాటున నిలిచి చూచినది. మగ్గముల నడుమ మేకునకు ఒక రేడియో వ్రేలాడుచున్నది. బావ దానిని చూపి, “అత్తా, దీంట్లో ఈయన గొంతు వింటూనే ఉంటాము. పేరు చెప్పేసరికి మా అత్త కొడుకని పిల్లలకు చెప్తా” అన్నారు. మేము తల వంచుకొన్నాము. కనబడని శ్రోతలను ఉద్దేశించి ప్రతిదినము నమస్కారము చెప్పుచున్నాము. ఆ శ్రోతలలో మేనమామ కొడుకు ఒకడున్నాడని ఏనాడును తలపునకు రాలేదు.

ప్రొద్దుగ్రుంకువేళ కరెంటు పోయినది. మగ్గములు ఆగినవి. ఆ నిశ్శబ్దములో అమ్మగారు అడిగినారు: “మీ నాయన పోయినాక జాబు రాస్తే, మంచో చెడో జవాబు రాయలేదేమిరా?”

బావ లేచి లోనికి పోయి ట్రంకుపెట్టె తెరచిన చప్పుడైనది. నీలపు ఇన్‌లాండు జాబు ఒకటి తెచ్చి అమ్మగారి ముందు పెట్టినారు. మడతల దగ్గర చిరిగినది కాని ఒక్క అక్షరము చెదరలేదు.

“నాకు చదవను రాదత్తా” అన్నారు.

మాకు మొదట అర్థము కాలేదు. ఆయన చక్కగా తెలుగు మాట్లాడుచున్నారు. ఇంటిలో అందరును మాట్లాడుచున్నారు. అయితే ఆయన పుట్టినది 1970లో. బడికి పోవునాటికి ఊరు తమిళనాడులో ఉండి పదునారేండ్లు అయినది. చదువంతయు తమిళములోనే సాగినది. మా మేనమామగారు పదునారవ యేట వరకు తెలుగులో చదువుకొన్నవారు గనుక చెల్లెలికి ఎల్లప్పుడును తెలుగులోనే వ్రాసెడివారు. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు మగ్గము గుంటలో కూర్చున్న మనిషికి కొడుకును దగ్గర కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించు తీరిక ఎక్కడిది? ఇంటిలో మాట వినబడుచుండగా, ఆ మాటకు వ్రాత లేకపోయినదని ఎవరికి తోచును? అన్న చదివెను గనుక అన్న కొడుకును చదువుననియే అమ్మగారు అనుకొన్నారు.

“ఊరిలో తెలుగు చదివేవాళ్ళు ఇంకా ఉండారు గదా, ఎవరినైనా అడగగూడదా?” అన్నారు అమ్మగారు.

“భయపడినానత్తా” అన్నారు బావ.

ఆ భయము వట్టిది కాదు. ఆడబిడ్డలకు పిత్రార్జితములో సమానహక్కు కల్పించుచు 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టము చేసినది. 1989లో తమిళనాడు చేసినది. ఆ చట్టము ఎవరికి వర్తించునో, ఎవరికి వర్తింపదో పల్లెలలో తెలిసినవారు తక్కువ. తెలిసినది ఒక్కటే: ఆడబిడ్డ అడుగవచ్చును. తండ్రి పోయిన రెండు నెలలకు మేనత్త వద్ద నుండి జాబు వచ్చినది. ఉన్నది రెండెకరముల చేను, ఈ యిల్లు, పెండ్లికి ఎదిగిన చెల్లెలు. ఇరువది నాలుగేండ్ల పిల్లవాడు ఆ జాబు చేతబట్టుకొని, ఇతరులతో చదివించినచో ఊరెల్ల రచ్చయగునని పెట్టెలో పెట్టినాడు. అత్త పాలు అడిగినదనియే ముప్పది యేండ్లు అనుకొన్నాడు.

అమ్మగారు జాబు మా చేతికి ఇచ్చి, “నువ్వు చదువు నాయనా. నాకు కన్ను ఆనదు” అన్నారు.

చదువుటయే మా వృత్తి. వార్తలు చదివినాము, ప్రసంగములు చదివినాము, మహనీయుల మరణవార్తలు గొంతు వణకకుండ చదివినాము. లాంతరు వెలుతురులో ఆ పది పండ్రెండు పంక్తులు చదువుటకు మేము మూడుసార్లు ఆగవలసి వచ్చినది. ముందు యోగక్షేమములు. తరువాత మా తండ్రిగారి శస్త్రచికిత్స సంగతి, అన్న ముఖము కడసారి చూడనోచుకొనలేదను దుఃఖము. తరువాత ఒక్క వాక్యములో, చేను సంగతి ఎవరు ఎత్తినను వినవద్దు, అది నీదే, నాకు ఏమియు అక్కరలేదు అని. చివరకు, “సంక్రాంతికి చెల్లెలిని వెంటబెట్టుకొని తప్పక రావలెను. నాయన లేడని అనుకోవద్దు. అత్త ఉన్నది. మీ కొరకు చూచుచుందును” అని.

బావ గోడకు ఆనుకొని నేలపై కూర్చున్నారు. చాలసేపు ఎవరును మాట్లాడలేదు.

“ఆ సంక్రాంతికి అరిసెలు చేసి, మూడు దినాలు డబ్బా మూత తీయలేదురా” అన్నారు అమ్మగారు. ఆ మాటలో కోపము లేకపోలేదు. ముప్పది యేండ్ల బాధ ఒక్క జాబు చదివినంతనే పోవునని మేము చెప్పబోము. మా మేనమామ కుమార్తె పెండ్లి మేనత్త లేకయే జరిగినది. మా తండ్రిగారు పోయినప్పుడు పుట్టింటివారు లేకయే అమ్మగారు కూర్చున్నారు. ఆ దినములు తిరిగి రావు. అయినను కొంతసేపటికి అమ్మగారు సంచి దగ్గరకు లాగికొని, అడుగున ఉన్న పంచె తీసి బావ చేతిలో పెట్టినారు. ఆయన పాదములు పట్టుకొన్నారు. అప్పుడు కరెంటు వచ్చి మగ్గములు ఒక్కసారిగా మ్రోగినవి. ఆపుటకు ఎవరికిని తోచలేదు.

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. తప్పు ఎవరిదని ఆలోచించినాము. బడిది అందుమా? తమిళదేశములోని బడి తమిళము నేర్పుట ధర్మమే. ఆ చదువే బావకు బ్రతుకు చూపినది. 2006లో తమిళనాడు చేసిన చట్టమువలన ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. అక్కడ బ్రతుకవలసిన పిల్లలకు ఆ భాష కావలసినదే. ఆ మాటకు వచ్చినచో మన వైపున సత్యవేడులోను, నగరిలోను ఇంటిలో తమిళము పలుకుకొను కుటుంబములు ఎన్నో ఉన్నవి. అందును ఇట్టి పెట్టెలు, ఇట్టి జాబులు ఉండకపోవునా? బడి రాజ్యభాషను నేర్పును. ఇంటి భాష వ్రాతను ఇల్లే నేర్పుకొనవలెను. మాట తనంత తాను ఎల్ల దాటును. తల్లి పాలతో, సంతబేరములతో, రేడియోతో దాటును. వ్రాత దాటదు. దానిని ఎవరో ఒకరు చేయి పట్టుకొని దాటింపవలెను. ఒక్క తరము ఏమరినచో అది ఎల్ల దగ్గరనే నిలిచిపోవును.

రేడియోవారమై ఈ మాట చెప్పుట మాకు కొంత కష్టమే. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లో ప్రారంభమైనప్పుడు ఒకే భవనము నుండి తమిళమును తెలుగును వినిపించినది. విజయవాడ కేంద్రము వచ్చినది 1948లో గదా. గాలిలో పోవు మాటకు తాలూకాలు లేవు, పటాస్కర్ గీత లేదు. ఆ మాటయే బావ మగ్గముల నడుమకు వచ్చి మా గొంతు వినిపించినది. కాని ముప్పది యేండ్లు విన్నను, పెట్టెలోని పండ్రెండు పంక్తులను అది చదివి వినిపింపలేకపోయినది. వినుటకు చెవి చాలును. చదువుటకు అక్షరము కావలెను.

ఆదివారము ఉదయము లేచి చూచునప్పటికి అమ్మగారు వాకిటిలో ముగ్గుపిండి దగ్గర పెట్టుకొని కూర్చున్నారు. బావ మనుమరాలు ఎదుట కూర్చున్నది. అమ్మగారు పిండితో ‘అ’ వ్రాసినారు. ఆ పిల్ల దానిపై వ్రేలు త్రిప్పినది. బడిలో తమిళము, ఇంగ్లీషు వచ్చిన పిల్ల గనుక చురుకుగనే అందుకొన్నది. మధ్యలో తానును ఒక తమిళ అక్షరము ప్రక్కన వ్రాసి, “దీనికి ఇది” అని అమ్మగారికి చూపినది. అమ్మగారు మమ్ములను పిలిచి, “నువ్వూ కూర్చో. ఎంత చదువుకున్నా నీకిది రాదు గదా” అన్నారు. మేము కూర్చున్నాము. ఎనిమిదేండ్ల గురువు వద్ద ఆ ఉదయము అయిదు తమిళ అక్షరములు నేర్చుకొన్నాము. బావ మగ్గము ఆపి, గుమ్మములో నిలిచి, ముగ్గుపిండి వైపు చూచుచున్నారు. దగ్గరకు మాత్రము రాలేదు.

తిరుగుదారిలో తిరుత్తణి మీదుగా వచ్చినాము. మూడువందల అరువది అయిదు మెట్లు ఎక్కలేక, కారుదారిన కొండపైకి పోయి సుబ్రహ్మణ్యస్వామిని దర్శించుకొన్నాము. ఈ తిరుత్తణిలోనే 1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించినారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. బాల్యపు చదువు కొంత తిరుపతిలో, తరువాత వేలూరులో, మద్రాసులో. 1960లో వారి పుట్టిన ఊరు ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు మారునాటికి వారు భారతదేశమునకు ఉపరాష్ట్రపతులు. అంతటివారి ఊరే కదలక కదలినది. మన ఊళ్ళ మాట చెప్పవలెనా? వారిని తమవారనుటలో తెలుగువారు, తమిళులు ఎవరును వెనుదీయరు. ఇరువురి మాటయు నిజమే.

నగరి దగ్గర ఎల్ల దాటినాము. ముక్కువలె నిలిచిన నగరి కొండ కనబడినది. మరల మన అక్షరములు వచ్చినవి. ఇంతకు ముందు అవి కనబడగానే మాకు ఇల్లు చేరినట్లుండెడిది. ఈసారి, వెనుక విడిచిన బోర్డులలో మేము గుర్తుపట్టిన అయిదు అక్షరములు ఎక్కడెక్కడ వచ్చినవో జ్ఞాపకము చేసికొనుచు వచ్చినాము. అమ్మగారు పుత్తూరు దాటకమునుపే నిదురపోయినారు. ఒడిలో ఖాళీ సంచి.

ఎల్లల దగ్గర బంధువులున్న శ్రోతలు మనలో చాలమంది ఉందురు. కొందరికి బళ్ళారిలో, కొందరికి హోసూరులో, కొందరికి బరంపురములో. వారికి ఫోను చేయుచునే యుందురు, మంచిదే. కాని వారి ఇంటిలోని చిన్నవారికి మన వ్రాత తెలియునో లేదో ఒక్కసారి అడిగి చూడుడు. తెలియకపోయినచో నేర్పుడు. వారి వ్రాతను మనమును నేర్చుకొందము. పాత పెట్టెలలో చదువని జాబులున్నచో తీసి చదివించుకొనుడు. అందులో మనము భయపడినది ఉండకపోవచ్చును.

గురువారమునాడు బావ వద్ద నుండి అమ్మగారి ఫోనుకు ఒక చిత్రము వచ్చినది. పలకపై సుద్దతో వ్రాసిన రెండు అక్షరములు: ‘అత’. అది చిన్నపిల్ల చేతివ్రాత కాదు. గీతలు లావుగా, గట్టిగా, నేతగాని చేతివలె ఉన్నవి. అమ్మగారు కండ్లజోడు తుడుచుకొని, దగ్గరకు దూరమునకు జరిపి చాలసేపు చూచినారు.

“తావత్తు మరిచిపోయినాడు. మళ్ళీ రాయమని చెప్పు” అన్నారు.